మెస్ తలుపు మీద కాగితం

మొన్న గురువారం జ్వరమొచ్చి సెలవు పెట్టాను. శుక్రవారం పొద్దున టిఫిన్‌కని మెస్‌కి వెళ్తే తలుపు మీద పోయిన వారం కాగితమే ఉంది, దాని కింద ఎవరో బాల్ పెన్నుతో "మేడమ్, ఈ వారం ఊళ్లో ఏమీ లేదా?" అని రాశారు. దాని కింద ఇంకో చేతిరాత: "ఊళ్లో ఉంది, మేడమే లేరు." ఆ కాగితం పారేయలేదు. టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను.

కాగితం సంగతేంటో చెప్పాలి కదా. కనకపుర రోడ్డులో, బెంగళూరు దాదాపు అయిపోయి పల్లెలు మొదలయ్యే చోట, ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. మాది పెనుకొండ దగ్గర పల్లె. మా హాస్టల్లో సగానికి పైగా తెలుగు పిల్లలే, మెస్ రిజిస్టర్‌లో వారానికోసారైనా "సాంబారులో బెల్లం వేయకండి ప్లీజ్" అని తెలుగులో ఫిర్యాదు కనిపిస్తుంది, వంటాయనకి తెలుగు చదవడం రాదు కాబట్టి బెల్లం అలాగే పడుతూ ఉంటుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం అదే మెస్ తలుపు మీద, మెనూ పక్కన, ఒక కాగితం అతికిస్తాను. పైన "ఈ వారం ఊళ్లో" అని ఉంటుంది. నాటకాలు, కచేరీలు, బొమ్మల ప్రదర్శనలు, జాతరలు, ఉచిత ఉపన్యాసాలు, ఏది దొరికితే అది. మూడేళ్లయింది. ఎవరూ చేయమనలేదు, జీతంలో కలవదు, అయినా గురువారం వస్తే చెయ్యి ఊరుకోదు.

మొదలైంది ఒక నో డ్యూస్ ఫారం దగ్గర. ఫైనలియర్ అయిపోయి సంతకాల కోసం తిరుగుతున్న నంద్యాల అబ్బాయి ఒకడు వచ్చాడు. లైబ్రరీ ఫైన్ 14 రూపాయలు, వాడి దగ్గర చిల్లర లేదు, నా దగ్గరా లేదు, ఆఫీసు కుర్రాడు చిల్లర తెచ్చేదాకా మాటల్లో పడ్డాం. నాలుగేళ్లున్నావు కదరా బెంగళూరులో, ఏం చూశావు అనడిగాను. వేళ్లు మడుస్తూ చెప్పాడు. నంది హిల్స్. కోరమంగళలో మాల్. మారతహళ్ళిలో తెలుగు సినిమాలు, అవి మాత్రం లెక్కలేనన్ని. లాల్‌బాగ్, వాళ్ల అమ్మానాన్న వచ్చినప్పుడు. ఐదో వేలు దగ్గర ఆగిపోయి, చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని, "అంతే మేడమ్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వాడు వెళ్లాక నా లెక్క నేను వేసుకుంటే, ఈ ఊరొచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు, నాకూ ఐదో వేలు మడవాల్సిన పని పడలేదు.

మొదట్లో చేసిన కాగితాలు చూస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. కలర్ ప్రింటు, చుట్టూ పూల బార్డరు, మధ్యలో పేపర్లో వచ్చింది వచ్చినట్టు: కార్యక్రమం పేరు, హాలు పేరు, టైము. రెండు నెలలు అలా పెట్టాను. ఒక్కరంటే ఒక్కరు వెళ్లలేదు. ఈ పిల్లలకి కళలూ అవీ ఏం పట్టవు, ఫోను చాలు అని నాకు నేను చెప్పేసుకుని మానేసేదాన్నే. మెస్‌లో వడ్డించే ఆమె చెప్పకపోతే. తుమకూరు వైపు ఆమె, నన్ను అక్కా అంటుంది. "పిల్లలు నిలబడి చదువుతున్నారక్కా, చదివి, ఇదెక్కడుందిరా అని ఒకణ్ని ఒకడు అడుక్కుని, ఎవడికీ తెలియక ప్లేటు పట్టుకుని పోతున్నారు" అంది.

నిజమే కదా. "చౌడయ్య మెమోరియల్ హాల్, సాయంత్రం 6.30" అని రాస్తే నెల్లూరు నుంచి వచ్చిన 18 ఏళ్ల పిల్లాడికి ఏం తెలుస్తుంది? అది మల్లేశ్వరం వైపు ఉందని తెలియదు. భవనమే వయొలిన్ ఆకారంలో ఉంటుందని, ఏడు తీగల వయొలిన్ వాయించిన చౌడయ్య గారి పేరు మీద 1980లో కట్టారని చెప్తే ఓహో అంటాడు, కానీ అవన్నీ తర్వాత. వాడికి ముందు కావాల్సింది మన గేటు దగ్గర ఎన్నింటికి బయల్దేరాలి, జేబులో ఎంత ఉండాలి, అక్కడ తినడానికేం దొరుకుతుంది, మళ్లీ హాస్టల్‌కి ఎన్నింటికి చేరతాం. పూల బార్డరు తీసేసి ఆ నాలుగూ రాయడం మొదలుపెట్టాను. పేరు చిన్నగా, "గేటు దగ్గర 1.45" అన్నది పెద్దగా. మూడో వారం లైబ్రరీకి ఇద్దరొచ్చి "మేడమ్, మీరు కూడా వస్తున్నారా" అనడిగారు. అదొకటి నేను అసలు ఆలోచించని విషయం, పిల్లలకి ఆ ఊరు కాని ఊళ్లో మొదటిసారి వెళ్లడానికి పక్కన ఒక మనిషి కావాలి. మొదటిసారికే. రెండోసారి మనం వెళ్తే వాళ్లకే ఇబ్బంది.

సరే, ఆ మొదటిసారి ఏమైందో కూడా చెప్తాను, పరువు తక్కువ సంగతే అయినా.

జె.పి. నగర్‌లో రంగ శంకర అని నాటకశాల ఉంది. 2004లో మొదలైంది. శంకర్ నాగ్ అని కన్నడ నటుడు, దర్శకుడు, ఆర్.కె. నారాయణ్ మాల్గుడి కథల్ని టీవీకి తీసింది ఆయనే, 1990లో కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి నలభై కూడా లేవు. బెంగళూరులో నాటకాలకంటూ ఒక మంచి చోటు ఉండాలన్న ఆయన ఆశని పట్టుకుని భార్య అరుంధతి నాగ్ ఏళ్ల తరబడి తిరిగి కట్టించారు. సోమవారం తప్ప రోజూ ఏదో ఒక నాటకం ఉంటుంది, కన్నడం, ఇంగ్లీషు, హిందీ, అప్పుడప్పుడు మిగతా భాషలూ. మూడొందల పైచిలుకు సీట్లు, ఎక్కడ కూర్చున్నా నటుడి కనుబొమ కదిలితే కనిపిస్తుంది. వీటన్నిటికంటే ముందు ఆ చోటు గురించి ఈ ఊళ్లో అందరికీ తెలిసిన విషయం ఒకటుంది: టైముకి తలుపు వేసేస్తారు. వేశాక ఎవరొచ్చినా తీయరు.

నాకు తెలుసు. పిల్లలకీ చెప్పాను. శుక్రవారం 7.30 షో, పదకొండు మందిమి. మెట్రోలో పోదామంటే కుర్రాళ్లు "క్యాబ్ షేర్ చేసుకుంటే అంతే అవుతుంది మేడమ్" అన్నారు, నేనూ సరే అన్నాను, తప్పు నాదే. సారక్కి సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నాం. ఈ ఊళ్లో ఉండేవాళ్లకి నేనింకేం చెప్పక్కర్లేదు. దిగి పరుగెత్తాం, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నేను, వెనకాల పదిమంది. 7.32. తలుపు మూసేశారు.

గుంటూరు అబ్బాయి ఒకడికి కోపం నషాళానికి అంటింది. "టికెట్ కొన్నాం కదా మేడమ్, రెండు నిమిషాలకేంటి, మా ఊళ్లో సినిమా సగం అయ్యాక వెళ్లినా లోపలికి పంపిస్తారు" అని. అవును, పంపిస్తారు, లోపలికెళ్లి మన కాళ్లు తొక్కుకుంటూ సీటు కూడా వెతుక్కుంటారు. తలుపు దగ్గర ఉన్న మనిషి నవ్వుతూనే చెప్పాడు, స్టేజి మీద ఉన్నవాళ్లు మనుషులు కదా, తెర కాదు కదా అని. అబ్బాయి ఏమీ అనలేదు. క్యాంటీన్‌లో సగ్గుబియ్యం వడలు తిన్నాం, బాగున్నాయి, ఆ రాత్రి బాగున్నవి అవే. టికెట్ డబ్బులు పోయాయి. పిల్లలకి పోయిన డబ్బులు నేనే ఇస్తానంటే తీసుకోలేదు.

పోయింది కదా అని మానేస్తారనుకున్నాను. మరుసటి వారం ఆదివారం 3.30 షోకి అదే గుంటూరు అబ్బాయి లెక్కవేసి పెట్టాడు: మన గేటు నుంచి సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకా బస్సు, అక్కడ మెట్రో ఎక్కి బనశంకరిలో దిగడం, దిగి ఆటో. 2021లో మెట్రో సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకా వచ్చాక మా రోడ్డు వాళ్లకి ఊరు దగ్గరైంది, అది వాడుకోవాలన్న బుద్ధి మాత్రం తలుపు మొహాన వేస్తేనే వచ్చింది. 2.40కే చేరారట. నేను లేను.

వాళ్లు చూసింది కన్నడ నాటకం. అర్థమైందా అనడిగితే ఒకడు, "హిందూపురం వాడు పక్కన కూర్చుని చెప్తుంటే నవ్వాం మేడమ్, అందరూ నవ్వాక ఒక సెకను ఆగి మేం నవ్వేవాళ్లం" అన్నాడు. మాట అర్థం కాక ఆగిన చోట మొహాలు చూసి పట్టుకున్నామని కూడా చెప్పాడు. మా అనంతపురం, హిందూపురం, మడకశిర పిల్లలకి కన్నడం సగం ఇంటి భాషే, కోస్తా వాళ్లు నాలుగేళ్లుండీ "స్వల్ప అడ్జస్ట్ మాడి" దగ్గరే ఆగిపోతారు. ఆ ఆదివారం తర్వాత మా మడకశిర పిల్లకి హాస్టల్లో ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. నాటకానికి వెళ్లాలంటే ఆమెని పక్కన కూర్చోబెట్టుకోవాలి, వడ ఖర్చు వీళ్లది. పాతకాలపు నాటకాల నటుడు బళ్లారి రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ అదే ఊపుతో ఆడేవాడని చిన్నప్పుడు మా తాత చెప్పేవాడు, ఆ రోజుల్లో సరిహద్దు అంత మెత్తగా ఉండేదేమో.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. "ఆదివారం 3.30 షో" అని ఊరికే రాయలేదు. మా గర్ల్స్ హాస్టల్ గేటు రాత్రి 8.30కి మూస్తారు. అబ్బాయిలది 10. ఊళ్లో కార్యక్రమాలన్నీ ఆరున్నరకో ఏడున్నరకో మొదలవుతాయి. అంటే నేను తలుపు మీద పెట్టే కాగితంలో సగం ఆడపిల్లలకి చదువుకోవడానికే. మొదటి ఏడాది నాకీ సంగతి తట్టనేలేదు, అబ్బాయిలే ఎందుకొస్తున్నారబ్బా, ఆడపిల్లలకి ఇంట్రెస్ట్ లేదేమో అనుకున్నాను, ఇంకోసారి అదే తెలివితక్కువ. ఒకరోజు ఇద్దరు పిల్లలు వచ్చి "మేడమ్, పగలు జరిగేవి వేరేగా రాయగలరా" అనడిగారు. మర్యాదగా అడిగారు, ఆ మర్యాదకే నాకు తల కొట్టేసినట్టయింది.

వార్డెన్‌తో మాట్లాడాను. మంచావిడే, చెడ్డావిడ అని రాస్తే అబద్ధం అవుతుంది. "ఏదైనా జరిగితే పేరెంట్స్ నా మెడ పట్టుకుంటారు, మీ లైబ్రరీ మెడ కాదు" అంది. అదీ నిజమే. మాట్లాడి మాట్లాడి ఒక దారి పెట్టుకున్నాం: కాగితంలో ఉన్న కార్యక్రమానికైతే, ఐదుగురికి తక్కువ కాకుండా వెళ్తే, అవుట్‌పాస్ మీద నా సంతకం కూడా ఉంటే 9.30 వరకు. ఇంటి నుంచి ఫోను కూడా కావాలి. ఆ ఫోను దగ్గర మళ్లీ తమాషా, "నాటకానికి వెళ్తాను నాన్నా" అంటే వద్దన్న తండ్రే "కాలేజీ కల్చరల్ విజిట్" అంటే సరేనన్నాడట. పిల్లలు నా కాగితం పైన హెడ్డింగ్ మార్చమని అడిగారు. "ఈ వారం కల్చరల్ విజిట్స్" అని. ససేమిరా అన్నాను. తర్వాత కింద చిన్న అక్షరాల్లో చేర్చాను, ఏం చేస్తాం.

9.30 అన్నా కూడా 7.30 నాటకానికి చాలదు. అందుకే 3.30.

చైత్రంలో మాత్రం ఆ గడియారం గొడవని కూడా మరిపించే పందిరి ఒకటి పడుతుంది. మద్రాసుకి డిసెంబరు ఎలాగో బెంగళూరుకి శ్రీరామనవమి అలాగ, ఊరంతా కచేరీలే. అన్నిటికంటే పెద్దది చామరాజపేటలో ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీరామ సేవా మండలి వాళ్లది, 1939 నుంచి నడుస్తోంది, నెల పైనే సాగుతుంది. బాలమురళి, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన పందిరి. కచేరీకి లోపల ముందు వరసల్లో పట్టుచీరల వాళ్లుంటారు, వెనక మన లాంటి వాళ్లం, బయట చెట్టు కింద స్కూటర్ మీద కూర్చుని వినేవాళ్లు వేరే. కృష్ణరాజేంద్ర మార్కెట్ మెట్రో స్టేషన్ అక్కడికి దగ్గరే, మా పిల్లలకి ఒకటే రైలు.

శాస్త్రీయ సంగీతం అనగానే మొహం చిట్లించే నలుగుర్ని ఒకసారి తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే పానకం ఆశ చూపించాను. నవమి రోజుల్లో ఈ ఊళ్లో వీధి వీధినా పానకం, మజ్జిగ, కోసంబరి పెడతారు, మన వడపప్పే, క్యారెట్ తురుము వేసి కొత్తిమీర చల్లితే కోసంబరి. కచేరీలో పావుగంట గడిచాక ఫోన్లు తీశారు. అరగంటకి నెల్లూరు అబ్బాయి నా వైపు వంగి "మేడమ్, ఇది తెలుగు కదా" అన్నాడు. ఏమనుకున్నావురా మరి? పాడుతున్నావిడ తమిళావిడ, పక్క వాయిద్యాల వాళ్లెవరూ మనవాళ్లు కాదు, వింటున్న వెయ్యి మందిలో తెలుగొచ్చిన వాళ్లు ఎందరో, నోటి వెంట వస్తున్నది మాత్రం రెండొందల ఏళ్ల కిందట తిరువయ్యారులో కూర్చుని త్యాగయ్య రాసుకున్న తెలుగు. ఫోను జేబులో పెట్టేశాడు. చెవులు రిక్కించి మాటలు పట్టుకోవడం మొదలుపెట్టాడు, క్రికెట్ స్కోరు చెప్పినట్టు పక్కవాడికి చెప్పడం.

మా ముందు కూర్చున్న పెద్దాయన, ఎనభై ఉంటాయేమో, తెల్ల పంచె, చేతిలో చిన్న నోటుబుక్కు, వెనక్కి తిరిగి కన్నడంలో "మీరు తెలుగువాళ్లా" అన్నాడు. అవునన్నాం. ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఈ కీర్తనలో ఒక మాట ఉంది, దాని అర్థం ఎవరైనా తెలుగువాళ్లని అడగాలనుకుంటున్నాను, "నెనరు" అంటే ఏంటి అన్నాడు.

మా నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కడప అబ్బాయి "నరం లాంటిదేమో" అన్నాడు మెల్లగా. నన్ను చూశారు. నాకు తెలుసు, కానీ తెలిసింది చదువుకుని కాదు, పదిహేనేళ్ల కిందట తెలుగు బ్లాగుల్లో కామెంట్ల కింద థాంక్స్ అనకుండా "నెనర్లు" అని రాసుకునేవాళ్లు, గుర్తుందా, నవ్వుకునేవాళ్లం కూడా, అక్కడ పట్టుకున్న ముక్క. ప్రేమ, దయ, ఇష్టం, అన్నీ కలిసినట్టుండే మాట అని చెప్పాను. ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు. కన్నడ లిపిలో, నా పేరు కూడా అడిగి పక్కన రాసుకున్నాడు. రైల్లో తిరిగొస్తుంటే పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నెల్లూరు అబ్బాయి "ఆయన నన్నే ముందు అడిగాడు మేడమ్" అన్నాడు. అంతే అన్నాడు. ఇప్పటికీ లైబ్రరీలో నిఘంటువు షెల్ఫ్ దగ్గర అప్పుడప్పుడు కనిపిస్తాడు, నేను చూడనట్టు ఉంటాను.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ మా కాలేజీలోనే జరిగింది. స్పిక్ మకే అని ఒక సంస్థ ఉంది, 1977లో ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ మొదలుపెట్టారు, పెద్ద పెద్ద కళాకారుల్ని కాలేజీలకీ స్కూళ్లకీ పంపిస్తారు, పిల్లలే వాలంటీర్లు. దాని గురించి నేనే ఉత్సాహంగా చెప్పబోయాను. పైవాళ్లకి ఆ ఆలోచన తెగ నచ్చి, వాళ్ల దాకా పోవడమెందుకు, మనమే చేసేద్దామని తెలిసినవాళ్ల ద్వారా ఒక వీణ విద్వాంసురాల్ని పిలిపించి, ఆడిటోరియంలో 400 మందిని కూర్చోబెట్టి, వస్తేనే ఆ పూట అటెండెన్స్ అన్నారు. ఆవిడ కళ్లు మూసుకుని ఆలాపన మొదలుపెట్టేసరికి హాల్లో ఫోన్ల వెలుతురు దీపావళిలా ఉంది. మృదంగం ఒక్కటే వాయించే తనియావర్తనం మధ్యలో లంచ్ బెల్లు. సగం హాలు లేచింది. ఆవిడ ఏమీ అనలేదు, నవ్వుతూ ముగించారు, కారు దాకా సాగనంపడానికి వెళ్లిన నాకే మాట పెగల్లేదు.

తర్వాత నెలలో ఇద్దరు తబలా, సితార్ కుర్రాళ్లని, ఇంకా నేర్చుకుంటున్నవాళ్లే, లైబ్రరీ రీడింగ్ హాల్లో కింద జంపఖానా పరిచి సాయంత్రం కూర్చోబెట్టాం. అటెండెన్స్ లేదు, సర్టిఫికెట్ లేదు, టీ మాత్రం ఉంది. 23 మంది వచ్చారు. 23 మందీ చివరిదాకా ఉన్నారు, ఇద్దరు తబలా మీద చెయ్యి వేసి చూశారు. ఖర్చు ఎంతో చెప్తే నవ్వుతారు. అదే మా ఫెస్ట్‌కి ఒక్క రాత్రి డీజే కోసం పోసే డబ్బుతో ఇలాంటి సాయంత్రాలు ఏడాదంతా పెట్టొచ్చని నేను మీటింగ్‌లో అన్నాను. డీజే ఉండాలి, నేను కాదనను, కుర్రాళ్లు ఎగరాలి. కానీ ఏడాదికి ఆ ఒక్క రాత్రే కల్చరల్ అంటే ఎలా?

చిత్ర సంతెకి మాత్రం ఎవరూ పక్కన ఉండక్కర్లేదు. జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ముందు రోడ్డంతా బండ్లు ఆపేసి, దేశం నలుమూలల నుంచి వచ్చిన వెయ్యికి పైగా కళాకారులు ఫుట్‌పాత్ పొడవునా బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. 2004 నుంచి నడుస్తోంది. వంద రూపాయల బొమ్మ నుంచి లక్షల బొమ్మ దాకా. మనిషి వేసిన బొమ్మని ఆ మనిషి చేతి నుంచే కొనుక్కోవచ్చని మా పిల్లలకి అప్పటిదాకా తెలియదు, బొమ్మంటే క్యాలెండరో వాల్‌పేపరో. పోయినసారి మా వాళ్లకి ఒక స్టాల్లో తోలుబొమ్మల దీపాలు కనిపించాయి, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వాళ్లవి. ధర్మవరం పిల్లే ఒకతి మా గుంపులో ఉంది. "మా ఊరి పక్కనే ఇది, నేనెప్పుడూ వెళ్లలేదు" అంది. అమ్మే ఆయన మాట వినగానే యాస పట్టేసి, "ఏం పాపా, ఎవరి తాలూకు" అని మొదలుపెట్టి, అరగంటలో చుట్టరికం తేల్చేశాడు. దీపం మీద యాభై తగ్గించాడు.

ఆ పరిషత్తులో ఒక పెద్ద గది నిండా రష్యా చిత్రకారులు రోరిక్‌ల బొమ్మలుంటాయి. తండ్రి నికొలస్, కొడుకు స్వెతొస్లావ్. ఆ కొడుకు పెళ్లాడింది దేవికా రాణిని, హిందీ సినిమా తొలి తారల్లో ఒకరు, దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు మొట్టమొదట అందుకున్నది ఆవిడే, పుట్టింది మన వాల్తేరులో. ఇద్దరూ ఏళ్ల తరబడి ఉన్న తాతగుణి ఎస్టేట్ ఎక్కడుందనుకున్నారు? మా కనకపుర రోడ్డు మీదే. పిల్లలు రోజూ బస్సులో ఆ దారినే పోతుంటారు. విశాఖపట్నం అబ్బాయికి ఈ సంగతి చెప్తే బస్సు దిగేదాకా కిటికీకి అతుక్కుపోయాడు, చెట్లు తప్ప ఏం కనిపించలేదట.

కార్తీకంలో ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశెనక్కాయల జాతర. దీనికి కాగితం కూడా అక్కర్లేదు, వాసన చాలు. దొడ్డ బసవణ్ణ గుడి చుట్టూ రోడ్ల మీద కుప్పలు కుప్పలు. మా వాళ్ల మధ్య ప్రతి ఏడూ ఒకటే గొడవ, వీటిని బుడ్డలు అనాలా, శెనక్కాయలు అనాలా, పల్లీలు అనాలా అని. కర్నూలు వాళ్లు గెలుస్తారు, గట్టిగా అరుస్తారు కాబట్టి.

డబ్బులు అస్సలు లేని నెలాఖరు వారాలకి వేరే పట్టిక ఉంది నా దగ్గర. దొమ్లూరులో బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్, అక్కడ చాలావాటికి టికెట్ ఉండదు, ముందే పేరు రాయించుకుంటే చాలు. బసవనగుడిలో 1945లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్, సాయంత్రం ఉపన్యాసమో కచేరీయో ఉంటుంది, ముసలివాళ్లే ఎక్కువ, కుర్రాళ్లు వెళ్తే ముందు కుర్చీ ఇచ్చి కూర్చోబెడతారు. ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్, బొమ్మలు అర్థం కాకపోయినా ఆ చెట్ల కింద కూర్చోవచ్చు. శనివారం పొద్దున కబ్బన్ పార్కులో కబ్బన్ రీడ్స్ అని గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటారు, ఎవరూ ఎవరితో మాట్లాడరు. లైబ్రరీ ఆవిడని కాబట్టి దీన్ని ప్రతి వారం కాగితంలో పెట్టేస్తాననీ, మోసమనీ పిల్లల ఆరోపణ. ఉగాది దగ్గర పడితే వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఏం చేస్తోందో కనుక్కుని రాస్తాను. మనవాళ్ల మధ్య కూర్చుని పద్యం వింటే కోస్తా పిల్లలకి ఇల్లు గుర్తొస్తుంది, ఒకడైతే ఏడ్చాడు, పేరు చెప్పొద్దన్నాడు.

స్టాండప్ కామెడీలు రాయరేంటి అని అడుగుతుంటారు. రాయను. వాటి గురించి నాకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది, ఫోనులో యాడ్లు వస్తూనే ఉంటాయి, టికెట్ 499 అయినా ఎలాగో తెచ్చుకుంటారు. నా కాగితం యాడ్ లేనివాటి కోసం.

ఇందాక చెప్పిన ఆ 8.30 గేటు విషయం పోయిన నెల మీటింగ్‌లో రాతపూర్వకంగా పెట్టాం. ఆడపిల్లలు 61 మంది సంతకాలు చేశారు, వారానికి ఒక్కరోజు, శుక్రవారం గానీ శనివారం గానీ, 10.30 వరకు అవుట్‌పాస్ ఇవ్వాలని, కాలేజీ బస్సు బనశంకరి మెట్రో దగ్గర నిలబడాలని. వార్డెన్ కూడా సంతకం చేసింది, బస్సు ఉంటేనే అని పక్కన ఎర్ర ఇంకుతో రాసి మరీ. పరిశీలిస్తామన్నారు. బస్సు డ్రైవర్ ఓవర్‌టైమ్ దగ్గర ఆగింది ఫైలు, ఇప్పటికి.

ఈ వారం జ్వరం తగ్గింది. ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది కాబట్టి చేత్తో రాశాను. ఆదివారం, రంగ శంకర, 3.30 షో, గేటు దగ్గర 1.45, చేతిలో 500 ఉంచుకోండి, వడలతో కలిపి. హిందూపురం వైపు వాళ్లు ఎవరైనా ఒకరు తప్పకుండా రావాలి.